ముందు శ్రుతి అడగండి, తర్వాతే ట్రాక్

క్రిస్మస్ ఆల్బమ్ అనగానే మన చిత్తూరు, తిరుపతి వైపు కూడా ఇప్పుడు ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ట్యూన్ కట్టేది ఒకరు, ట్రాక్ (పాట వెనక మోగే వాయిద్యాల సంగీతం) చేసేది ఒకరు, పాడేది మాత్రం పాటకొకరు. చెన్నై నుంచి ఒకరు, హైదరాబాద్ నుంచి ఒకరు, వేలూరు క్వాయర్ నుంచి ఒకరు, మన సంఘంలోనే బాగా పాడే అమ్మాయి ఇంకొకరు. ఇందులో తప్పేమీ లేదు, నాకు ఇష్టమైన పద్ధతే. నా తగువంతా పని జరిగే వరస మీదే. ట్రాక్ పూర్తిగా అయిపోతుంది, వయొలిన్, ఫ్లూట్ వాయించినవాళ్ళు డబ్బులు తీసుకుని వెళ్ళిపోతారు, అప్పుడు గాయకుడికి పాట పంపుతారు. ఆయన విని అడిగే మొదటి మాట: ‘స్కేల్ ఏంటి బ్రదర్?’ అంటే శ్రుతి ఎంత, పాట ‘సా’ ఏ మెట్టు మీద ఉంది అని. ఆ మాట నెల రోజుల ముందు మనం ఆయన్ని అడగాల్సింది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన రాగం ఉంటుంది, తాళం ఉంటుంది. శ్రుతి ఉండదు. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు తెలుగులో క్రైస్తవ కీర్తనలు కట్టిన పంతొమ్మిదో శతాబ్దంలో శ్రుతి ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్ళు పెట్టుకునేది. రాగం, తాళం పాటవి. శ్రుతి పాడేవాళ్ళది. కంప్యూటర్‌లో ట్రాక్ కట్టడం మొదలయ్యాక ఈ లెక్క తలకిందులైంది. కీబోర్డు వాయించేవాళ్ళకు ఏ స్కేల్‌లో చెయ్యి బాగా తిరిగితే ఆ స్కేల్ పాటకు అంటుకుపోతోంది. ఎనిమిది మంది అతిథులు పాడే ఆల్బమ్‌లో దీనివల్ల ఎంత నష్టమో ఒక్క ఉదాహరణ చాలు.

పల్లవి మధ్య షడ్జమం దగ్గర మొదలై, చరణం తారస్థాయి మధ్యమం దాకా ఎక్కే ట్యూన్ తీసుకుందాం. కింది సా నుంచి పై మా వరకు 17 స్వరస్థానాలు, అంటే కీబోర్డు మీద నలుపు తెలుపు కలిపి 17 మెట్లు. మిడిల్ సి (కీబోర్డు నడిమి సి) పైన ఉన్న ఎఫ్ దాకా హాయిగా వెళ్ళే మగ గొంతుకు సా ఎక్కడ పడాలి? ఎఫ్ నుంచి 17 మెట్లు దిగితే సి. తెల్ల మెట్లను సి నుంచి లెక్కపెట్టే మన పద్ధతిలో ఒకటి శ్రుతి. ఇక మిడిల్ సి పై స్థాయిలోని సి దాకా గొంతు బిగవకుండా వెళ్ళే ఆడ గొంతుకు అదే లెక్క వేస్తే జి, ఐదు శ్రుతి. కచేరీల్లో మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నరకీ, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నరకీ పాడటం ఎందుకో దీంతో తెలిసిపోతుంది. మధ్యేమార్గం అని ఈ పాటను E స్కేల్‌లో, అంటే మూడు శ్రుతిలో కట్టామనుకోండి. మగవాడి చరణం నాలుగు మెట్లు పైకి పోతుంది, ఆ చోట ఆయన పాడడు, అరుస్తాడు. ఆడ గొంతు మూడు మెట్లు కిందికి దిగుతుంది. పల్లవిలో మంద్ర పంచమం (సా కింద ఉండే పా) ఒక్కటి ఉన్నా చాలు, అక్కడ మాట వినపడదు, గాలి వినపడుతుంది. మధ్యలో పెడితే ఇద్దరికీ సరిపోతుందనేది పెద్ద భ్రమ. ఇద్దరికీ చెడుతుంది.

‘మీ స్కేల్ ఎంత’ అని ఫోన్‌లో అడిగి రాసుకుంటే పని అయిపోదు. గాయకుడు తన అలవాటు చెబుతాడు, ఈ ట్యూన్‌కు కావలసింది చెప్పడు. ఆ పాటలోనే అన్నిటికన్నా పై మెట్టు ఉన్న లైను, అన్నిటికన్నా కింది మెట్టు ఉన్న లైను, రెండే రెండు లైన్లు పంపాలి. ఒక్క కీబోర్డు, ఒక్క క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం), అంతే. ఒక్కో మెట్టు తేడాతో మూడు శ్రుతుల్లో పాడి వాయిస్ మెసేజ్ పెట్టమనాలి. మాటలతోనే పాడాలి, ఆకారంతో కాదు. ఎందుకంటే పై మెట్టు మీద ‘ఆ’ పలకడం సులువు, ‘ఇ’, ‘ఉ’ పలికితే గొంతు మూసుకుంటుంది. ‘ఇమ్మానుయేలు’ అన్న పేరును పై మెట్టు మీద మొదలెడితే ఎంత మంచి గాయకుడికైనా ఆ ‘ఇ’ దగ్గర బిగుస్తుంది. అదే పేరులోని ‘మా’ ఆ మెట్టు మీద పడేలా ఒక అక్షరం ముందుగా ఎత్తుకుంటే గొంతు తెరుచుకుంటుంది. ఇది గాయకుడు సరిచేసేది కాదు. పాట రాసేవాళ్ళు, ట్యూన్ కట్టేవాళ్ళు పక్కపక్కన కూర్చుని చూసుకోవాల్సింది.

‘తర్వాత కంప్యూటర్‌లో మార్చేద్దాం’ అంటారు. కీబోర్డు నోట్లు నోట్లుగానే ఉన్నంతవరకు ఎటు మార్చినా ఏమీ కాదు. కానీ ఒకసారి వాయించి రికార్డు చేసిన వయొలిన్‌నో, వేణువునో రెండు మూడు మెట్లకు మించి జరిపితే దాని శరీరమే మారిపోతుంది. వయొలిన్ పెట్టె పరిమాణం పెరిగినట్టో తరిగినట్టో వినిపిస్తుంది, గమకం జారుడుగా తేలుతుంది. మృదంగం మరీ ఇబ్బంది. శ్రుతి చేసిన వాయిద్యం కాబట్టి పాట శ్రుతి మారితే దాని వలంతల (కుడి మూత) నాదం ఒంటరిగా, అపస్వరంగా మోగుతుంది. అందుకే వరస ఇలా ఉండాలి: ముందు కీబోర్డు, క్లిక్‌తో ముడి పాట. తర్వాత గాయకుడి రెండు లైన్లు. శ్రుతి ఖాయం. గాయకుడు మొత్తం పాట ఫోన్‌లోనైనా సరే ఒకసారి పాడి పంపడం. ఆ తర్వాతే ప్రోగ్రామింగ్, ఆ తర్వాత లైవ్ వాయిద్యాలు, చివర అసలు గొంతు. తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్న పుణ్యమా అని మృదంగం, వయొలిన్, వేణువు తెలిసినవాళ్ళకు మన వైపు కొదవ లేదు. వాళ్ళను పిలిచే ముందు శ్రుతి చెప్పగలిగితే దానికి తగిన వేణువు, తగిన మృదంగం తెచ్చుకుంటారు.

యుగళ గీతానికి ఒక దారి ఉంది. చాలామంది వాడటం లేదు. మొదటి చరణం మగ గొంతు సి లో పాడుతుంది. బిట్‌లో (చరణాల మధ్య వాయిద్యాల ముక్కలో) నాలుగు బార్లు (తాళం ఆవర్తనాలు) తీసుకుని, ఆఖరి బార్‌లో సి సెవెన్ కార్డ్ పట్టి ఎఫ్ లోకి ఎక్కాలి. రెండో చరణం ఆడ గొంతు ఎఫ్ లో. జి దాకా పోకుండా ఎఫ్ దగ్గర ఆగమనడానికి రెండు కారణాలు. సి సెవెన్ నుంచి ఎఫ్ లోకి చెవి తనంతట తానే నడుస్తుంది, బలవంతం ఉండదు. రెండోది నాకు మరీ ఇష్టమైన కారణం: సి కి శ్రుతి చేసిన మృదంగం ఎఫ్ లో పంచమమై నిలుస్తుంది. పాట శ్రుతి మారినా మృదంగం మార్చక్కర్లేదు. జి లోకి వెళితే అదే సి మధ్యమమై కూర్చుంటుంది, శ్రుతికి అంతగా కలవదు. చివరి పల్లవి ఇద్దరూ ఎఫ్ లోనే పాడేటప్పుడు మగ గొంతుకు అసలు ట్యూన్ ఇవ్వకుండా కింద హార్మనీ ఇస్తే సరి.

ఇక మాట. అతిథి గాయకుల ఆల్బమ్‌లో ట్యూన్ చెడటం కన్నా తెలుగు చెడటం ఎక్కువ. చిత్తూరుకు వేలూరు నలభై కిలోమీటర్ల లోపే. అక్కడి గొంతులు మన పాటల్లోకి రావడం సహజం, రావాలి కూడా. అయితే పాటను తమిళ లిపిలో రాసిచ్చేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. ‘గొల్లలు’ అని మనం అనుకుని రాస్తే వాళ్ళు ‘కొల్లలు’ అని చదువుతారు. దూత చెప్పిన వార్త విన్న గొల్లలు కాస్తా కొల్లలైపోతారు. ‘బాలుడు’ ‘పాలుడు’ అవుతాడు. మొదట్లో వచ్చే చకారాన్ని సకారంగా పలకడం అలవాటు కాబట్టి తూర్పు చుక్క ‘సుక్క’ అవుతుంది. దీనికి వాళ్ళ దగ్గరే మందుంది. సంస్కృత శ్లోకాలు తమిళంలో అచ్చువేసేటప్పుడు అక్షరం భుజాన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. క పక్కన 3 ఉంటే గ, ప పక్కన 3 ఉంటే బ. పాట కాగితంలో అలా రాసిస్తే తప్పు సగానికి పైగా పోతుంది.

హిందీ లిపిలో రాసిస్తే ఇంకో చిక్కు. ఆ లిపిలో మన హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లకు మామూలుగా అక్షరం లేదు. ‘నెల’ రాసినా ‘నేల’ రాసినా చదివేది ‘నేల’. పశువుల తొట్టి ‘తోట్టి’ అవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిస్తే కల, కాల, కళ మూడూ ఒక్కటే. ఏ లిపిలో రాసినా సరే, దానితో పాటు పాటను పాడకుండా, నిదానంగా చదివిన ఆడియో ఒకటి పంపాలి. పాడి పంపితే గాయకుడి చెవి ట్యూన్ మీదికి పోతుంది, అక్షరం వినదు. గొంతు రికార్డు చేసే రోజు తెలుగు బాగా తెలిసిన ఒకరు, ఫోన్ లైన్‌లోనైనా సరే, కూర్చోవాలి. ఆయనకు వేరే పని పెట్టకూడదు. చేతిలో పాట కాగితం, తప్పు దొర్లిన అక్షరం చుట్టూ గీత. మిక్సింగ్ అయ్యాక కనిపెట్టిన ‘కొల్లలు’ను ఏ సాఫ్ట్‌వేరూ గొల్లలు చెయ్యలేదు.

తెలుగువాళ్ళు పాడినా చెడే చోటు మరొకటి ఉంది, హ్రస్వాన్ని సాగదీయడం. ఇంగ్లిష్ పాప్ ట్యూన్‌ల పోకడలో పొడుగు నోటు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ‘రక్షకుడు’లో ‘కు’ మీద అది పడితే ‘రక్షకూడు’ అని వినిపిస్తుంది. పరీక్ష సులువే: క్లిక్ పెట్టుకుని, ట్యూన్ లేకుండా, పాటను మాటలుగా చదవండి. లఘువు (పొట్టి అక్షరం) మీద నోటు సాగుతున్న ప్రతి చోటా ఆగండి. మాటైనా మార్చాలి, ట్యూన్ అయినా మార్చాలి.

ఇక్కడే మన చిత్తూరు మాట ఎంత మేలు చేస్తుందో చెప్పకుండా ఉండలేను. ‘పుట్టాడు’ అంటే గురువు, గురువు, లఘువు: ఐదు మాత్రలు. మనం ఇంట్లో అనే ‘పుట్టినాడు’ తీసుకోండి. గురువు, లఘువు, గురువు, లఘువు: ఆరు మాత్రలు. పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. సిక్స్ బై ఎయిట్‌లో (బార్‌కు ఆరు లెక్కల తాళంలో) ఊయల ఊగే నడక అదే. ‘వచ్చినాడు’, ‘తెచ్చినాడు’, ‘ఇచ్చినాడు’ అన్నీ అదే కొలత. క్యారల్స్‌కి వీధి వీధి తిరిగేటప్పుడు అడుగు పడే తాళమూ దాదాపు అదే. ఇంత సొంపైన క్రియ ఇంట్లో పెట్టుకుని ‘జనియించెనుగా’ అని ఎందుకు బిగదీసుకోవాలి? గ్రాంథికం మీద నాకు కోపం లేదు. పాత కీర్తనల్లో అది ఇల్లులా ఉంటుంది. కొత్త పాప్ పాటలో మాత్రం అరువు తెచ్చుకున్న కోటులా ఉంటుంది.

దూరాన ఉన్న గాయకులు తమ ఊరి స్టూడియోలో పాడి ఫైలు పంపుతారు. ఇక్కడ జరిగే పొరపాట్లు కొన్నే, కానీ ప్రతి ఆల్బమ్‌లోనూ అవే జరుగుతాయి. ట్రాక్‌ను ఎంపీత్రీగా పంపితే దాని తలలో కొద్దిపాటి మౌనం చేరుతుంది. కొన్ని పదుల మిల్లీసెకన్లే, కానీ తిరిగి వచ్చిన గొంతు అంతసేపు అటో ఇటో జరిగి కూర్చుంటుంది, తాళం వెనక పడినట్టుంటుంది. గాయకుడిని నిందించే ముందు అది చూడండి. వేవ్ ఫైలే పంపాలి, వేవ్ ఫైలే తెప్పించుకోవాలి. రెండోది శాంపిల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి దాచారన్న లెక్క. 48 కిలోహెర్ట్జ్‌లో పాడిన గొంతును 44.1 ప్రాజెక్టులో మార్చకుండా పెడితే శ్రుతి దాదాపు ఒకటిన్నర మెట్టు దిగిపోతుంది, నాలుగు నిమిషాల పాట ఇరవై ఒక్క సెకన్లు సాగుతుంది. ముందే అందరికీ ఒకే మాట చెప్పాలి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మొదటి బార్ మొదటి దెబ్బ నుంచి మొదలైన ఫైలు, రివర్బ్ (గది ప్రతిధ్వని ఎఫెక్ట్) వద్దు, ట్యూనింగ్ (సాఫ్ట్‌వేర్‌తో శ్రుతి సరిచేయడం) వద్దు, పై అంచు మైనస్ 6 డీబీ దాటొద్దు. మైకుకు నోరు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. ‘మేమే రివర్బ్ వేసి బాగా చేసి పంపాం’ అని కొందరు ప్రేమగా పంపుతారు. ఆ ప్రేమతోనే ఆల్బమ్ ముక్కలవుతుంది, ఒక్కో గొంతు ఒక్కో గదిలోంచి వినిపిస్తుంది.

అతిథుల ఆల్బమ్ ఒక్క ఆల్బమ్‌లా వినిపించాలంటే ఏం ఉండాలో 1963లోనే తేలింది. అమెరికన్ రికార్డు నిర్మాత ఫిల్ స్పెక్టర్ తయారుచేసిన క్రిస్మస్ ఆల్బమ్ ఆ ఏడాది నవంబరు 22న విడుదలైంది. రోనెట్స్, క్రిస్టల్స్, డార్లీన్ లవ్, ఇంకో బృందం, గొంతులన్నీ వేరు వేరు. కానీ అన్నీ లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో, ఒకే వాద్య బృందంతో, ఒకే ప్రతిధ్వని గదుల సాయంతో చేశారు. ఏ పాట ఎవరు పాడినా ఆ గది వినిపిస్తుంది. 2011లో కెనడా గాయకుడు మైకేల్ బూబ్లే క్రిస్మస్ ఆల్బమ్ ఇంకో దారి పట్టింది. ఇల్లు ఆయనదే, షనాయా ట్వైన్, తాలియా అనే గాయనులు చుట్టాల్లా వచ్చి వెళతారు. రెండు దారుల్లోనూ ఏదో ఒకటి స్థిరంగా ఉంది, గది గానీ, ఆతిథేయి గొంతు గానీ. మన ఆల్బమ్‌లకు ఆతిథేయి గొంతు ఉండదు కాబట్టి గదే ఉండాలి. గొంతులన్నిటికీ ఒకే రివర్బ్, ఎనిమిది పాటల్లోనూ అదే. బాస్, డ్రమ్స్ శబ్దాలు రెండు మూడు రకాలకు మించొద్దు. కనీసం ఒక లైవ్ వాయిద్యం, ఒకే మనిషి చేతి మీద, ప్రతి పాటలోనూ వినిపించాలి. మన సంఘం పిల్లల బృందగానం నాలుగు పాటల్లో వచ్చినా చాలు, ఆల్బమ్‌కు ఊరు వచ్చేస్తుంది.

మాస్టరింగ్ గురించి తక్కువే చెబుతాను. స్పాటిఫై, యూట్యూబ్ రెండూ గట్టి పాటలను దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట సగటు గట్టిదనం కొలత) దగ్గరికి తగ్గించి వినిపిస్తాయి. మైనస్ 7 దాకా నలిపి పంపితే మిగిలేది నలుగుడే, గట్టిదనం కాదు. పై అంచు మైనస్ 1 డీబీ దగ్గర ఆపండి. మన పాట ఎక్కువగా వినపడేది మాత్రం స్పాటిఫైలో కాదు, చర్చి మీది హారన్ స్పీకర్‌లోనూ, సెమీ క్రిస్మస్ షామియానాలో నిలబెట్టిన బాక్సుల్లోనూ. అవి చాలా చోట్ల మోనో, అంటే కుడి ఎడమలు కలిసిపోయి ఒకే శబ్దం. మిక్స్‌ను ఒకసారి మోనోలో పెట్టి వినండి. రెండు పక్కలకూ వెడల్పుగా పరిచిన కోరస్ హఠాత్తుగా సన్నబడితే ఫేజ్ కొట్టుకుంటోందని, అంటే రెండు పక్కల శబ్దం ఒకదాన్నొకటి చెరిపేసుకుంటోందని అర్థం. హారన్‌లో బాస్ అసలు రాదు కాబట్టి బాస్ గిటార్ ఒక్కటే పట్టుకుని నడిచే బిట్ అక్కడ ఖాళీగా మోగుతుంది.

హక్కుల మాట ముందే కాగితం మీద పెట్టాలి. మన చట్టంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళ వరకు రచనకు హక్కు ఉంటుంది. 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి కీర్తనల సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఆ కీర్తనకు ఈమధ్య ఎవరో కట్టిన కొత్త బాణీ వారిదే, అడగాలి. 2012 సవరణ తర్వాత గాయకులకు రాయల్టీలో వాటా హక్కుగా ఉంది. ‘దేవుని పని’ అని ఉచితంగా పాడినవాళ్ళకైనా ఆ మాట చెప్పి, సంతకం తీసుకుని, పేరు సరైన అక్షరాలతో వెయ్యడం కనీస మర్యాద.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టాలి. క్యారల్స్ డిసెంబరు మొదట్లోనే మొదలవుతాయి. క్వాయర్‌కి పాట పట్టుబడటానికి నాలుగు వారాలు కావాలి. అంటే మొదటి పాట నవంబరు మొదటి వారానికి జనంలో ఉండాలి. డిస్ట్రిబ్యూటర్‌కి మూడు నాలుగు వారాల ముందు ఇవ్వాలి, అంటే అక్టోబరు మొదట్లో మాస్టర్ చేతిలో ఉండాలి. గొంతులు సెప్టెంబరులోపే అయిపోవాలని నేను పట్టుబట్టేది అందుకే. దానికి తోడు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు మన మీదే పడతాయి. రేకుల కప్పు ఉన్న గదిలో ఆ వానలో కండెన్సర్ మైకు పెట్టడం వృథా.

విడుదల రోజునే మైనస్ ట్రాకులు (గొంతు లేని ట్రాకులు) కూడా పెట్టండి, ఒకటి కాదు మూడు. సా నుంచి తార మధ్యమం దాకా ఉన్న మన ఉదాహరణ పాటకైతే ఒంటరి మగ గొంతుకు సి, ఒంటరి ఆడ గొంతుకు జి, సంఘమంతా కలిసి పాడటానికి A. సంఘంలో ఆడవాళ్ళు మిడిల్ సి పై స్థాయిలోని డి దాటితే సగం మంది ఆగిపోతారు, మగవాళ్ళు ఒక స్థాయి కింద అదే డి దగ్గర ఆగిపోతారు. అక్కణ్ణుంచి 17 మెట్లు దిగితే A వస్తుంది. పల్లవిలో మంద్ర పంచమం కూడా ఉంటే అది కింద మగవాళ్ళకూ అందదు, అలాంటి ట్యూన్ సంఘానికి పనికిరాదని ముందే తెలిసిపోతుంది. మైనస్‌లో లైవ్ వయొలిన్ అక్కర్లేదు, కీబోర్డు నోట్ల మీదున్న వాయిద్యాలు చాలు, అవి ఎటైనా జరుగుతాయి. ఫైలు పేరులోనే శ్రుతి రాయండి. పాట కాగితం మీద పాత కీర్తనల పుస్తకంలో లాగానే పైన రాగం, తాళం వేసి, మూడో చోట ‘శ్రుతి’ అని రాసి గీత మాత్రం గీసి వదిలేయండి. పాడేవాళ్ళు పెన్సిల్‌తో నింపుకుంటారు.